ఉప్పు తిన్న బండి

ఇరవై రెండేళ్ళ వయసులో మనిషికి ఈ లోకంలో బాగుచేయలేని వస్తువంటూ ఏదీ కనిపించదు. ఆ రోజుల్లో నా సంగతీ అంతే. ఇంట్లో ఫ్యాను కిర్రుమంటే నేనే దించేదాన్ని, మిక్సీ మొరాయిస్తే నేనే విప్పేదాన్ని. తిరిగి బిగించాక ఒకటో రెండో మరలు చేతిలో మిగిలిపోయేవి, అది వేరే సంగతి (ఆ మరలు లేకుండానే మిక్సీ తిరిగిందంటే తప్పు నాదా, అక్కరలేని మరలు పెట్టినవాళ్ళదా?). నా చేతిలో స్క్రూడ్రైవర్ కనిపిస్తే చాలు, మా అమ్మ గోడ గడియారం తీసి బీరువాలో దాచేది. ఇప్పుడైతే ఏదన్నా పాడైనప్పుడు ముందు కుర్చీ వెతుక్కుంటున్నాను, ఆ తర్వాత ఎవరికన్నా చెబుదామని ఫోను వెతుక్కుంటున్నాను. కానీ ఆ వయసులో ఒక వేసవంతా నేను బండి కిందే బతికాను. ఆ కథ చెప్పే అవకాశం దొరికితే ఇప్పటికీ వదలను. మా ఇంటికొచ్చే చుట్టాలందరూ తలా రెండుసార్లు విన్నారు. ఈసారి మీ వంతు.

మాది సత్తుపల్లి దగ్గర ఊరు. మా నాయిన బొగ్గు ఓపెన్‌కాస్టులో, అంటే నేలను పైనుంచి తవ్వుకుంటూ పోయే గనిలో, డంపర్ నడిపేవాడు. దాని పక్కన మామూలు లారీ నిలబడితే ఆవు పక్కన దూడలా ఉంటుంది. అంత బండిని గని అంచుల మీద ఎక్కించి దించిన మనిషికి మా ఊళ్ళో తిరిగే బండ్లన్నీ ఆటబొమ్మల్లా కనిపించేవి. ఆయన రిటైరవగానే చుట్టాలంతా ప్లాటు కొనుక్కోమన్నారు. ఆయన మాత్రం నాకు డ్రైవింగు నేర్పించి, లైసెన్సు తీయించి, నాకోసం పికప్ బండి కొంటానని కూర్చున్నాడు. పామాయిల్ గెలలు తోలుకోవచ్చు, సంతలకు కూరగాయలు వేసుకుపోవచ్చు, ఒకరి దగ్గర చేతులు కట్టుకుని నిలబడే పని ఉండదని ఆయన ఆలోచన. "ఆడపిల్లకు బండేంది బావా?" అని మా మేనమామ అడిగితే, "మొగపిల్లగాండ్లకున్న కాళ్ళే దానికీ ఉన్నయి గదా, క్లచ్చుకు మంచిగ అందుతయి" అన్నాడు. నా క్లచ్చు విద్య అప్పటికి అంత గొప్పగా లేదని నాకూ నాయినకూ మా ఇంటి ప్రహరీకీ మాత్రమే తెలుసు.

బండి కోస్తా వైపు నుంచి వచ్చిన సెకండ్‌హ్యాండుది. నాయిన ఇంజిను శబ్దం విని, గేర్లు వేసి చూసి, గుండె గట్టిదని కొనేశాడు. పైన తళతళలాడే కొత్త తెల్లరంగు, ముందు నిమ్మకాయల దండ. వీధి వీధంతా వచ్చి చూసింది. వీధిలో పిల్లులు కూడా వచ్చాయి. మనుషులు చూసి వెళ్ళిపోయారు గానీ పిల్లులు వెళ్ళలేదు. మర్నాడు పొద్దున లేచి చూస్తే పెళ్ళి పందిట్లో భోజనాల పిలుపు కోసం ఎదురుచూసే చుట్టాల్లా బండి చుట్టూ కూర్చుని ఉన్నాయి. అమ్మ వంగి వాసన చూసి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తేల్చేసింది. "ఇది చేపల బండయ్యా!" నిజమే. కిందటి జన్మలో అది సముద్రపు చేపలు మోసిన బండి. ఐసు కరిగిన ఉప్పునీళ్ళు ఏళ్ళ తరబడి తొట్టిలోంచి కిందికి కారి, ఛాసీలోకి దిగాయి.

ఛాసీ అంటే బండికి వెన్నెముక. బోలుగా ఉండే రెండు పొడవాటి ఇనుప దూలాలు, వాటిని కలిపే అడ్డపట్టీలు. ఇంజినైనా తొట్టైనా చక్రాలైనా దాన్ని పట్టుకునే ఉంటాయి. నాయిన బండిని మా ఊళ్ళో వెల్డింగ్ షాపు అన్న దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన కింద పడుకుని స్క్రూడ్రైవర్‌తో ఒకచోట పొడిచాడు. ఎర్రటి పెంకులు బొలబొలా రాలాయి. ఇంకోచోట పొడిస్తే స్క్రూడ్రైవర్ మొన అవతలికి పోయింది. బయటికొచ్చి చొక్కా దులుపుకుంటూ, "కాకా, ఏమనుకోకు, ఇది ఛాసీ కాదు, అప్పడం. వానలు పడే లోపల ఫిట్‌నెస్‌కు పోవాలె గదా? బ్రేక్ ఇన్‌స్పెక్టర్ సుత్తె పెట్టి కొట్టిండంటే ఆ సుత్తె అవతలికెళ్ళి తీసుకోవాలె. పాత ఇనుము కింద అమ్ముకో" అన్నాడు. ఫిట్‌నెస్ అంటే బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని చూసి ఇచ్చే అనుమతి. అది లేకపోతే బండి మా ఇంటి ముందు పిల్లుల సత్రంగా మిగిలిపోవాల్సిందే.

ఆ రోజు ఇంటికొచ్చాక నాయిన ఏమీ మాట్లాడలేదు. గనిలో పేలుడుకు రాళ్ళు ఎగిరిపడిన కథలు కూడా నవ్వుతూ చెప్పే మనిషి, మంచాన్ని బండి కనిపించకుండా గోడ వైపుకు తిప్పుకుని పడుకున్నాడు. నేను వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చుంటే, "గుండె చూసిన గానీ ఎముకలు చూడలే బిడ్డా. పైన రంగు చూసి మోసపోయిన" అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు అప్పటిదాకా తెలియదు. లేచి వెళ్ళి ఫోను టార్చి వేసుకుని బండి కిందికి దూరాను. అదేదో ధైర్యం అనుకోకండి, అక్కడైతే ఏడ్చినా ఎవరికీ కనబడదని. ఏడుస్తూనే అక్కడున్న పెంకును గోటితో లాగాను, ఊడింది. దాని కింద ఇంకో పొర, అదీ ఊడింది. దాని కింద గరుకుగా, నల్లగా, గట్టిగా ఇనుము. ఇంకోచోట గీకాను. అక్కడా ఇనుమే! దూలాల పొడవునా పాకుతూ గీకాను. వెనక చక్రాల దగ్గర ఒక్క పట్టీ మాత్రం నిజంగా జల్లెడైపోయింది, వెల్డింగ్ అన్న స్క్రూడ్రైవర్ దిగింది సరిగ్గా దాంట్లోనే. ముక్కు మీద తుప్పుతో బయటికొచ్చి మంచం దగ్గరికి పరుగెత్తాను. "నాయినా, అది అప్పడం కాదే! మాడిన జొన్నరొట్టె. పైపొర గీకేస్తే లోపల మంచిగున్నది!" ఆయన ఇటు తిరగలేదు గానీ, "ఎవరు గీకుతరు?" అన్నాడు గోడతో. "నేను" అన్నాను.

అన్నాను సరే, ఎలా గీకాలో తెలియాలి కదా. ఫోన్లో వీడియోలు చూడటం మొదలుపెట్టాను. మంచు కురిసే దేశాల్లో రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారట (మా అమ్మ ఆ వీడియో చూసి, పచ్చళ్ళ కాలంలో ఉప్పు బస్తాకు మనం పడే తిప్పలు తలుచుకుని చాలాసేపు తిట్టింది). అందుకని అక్కడ బండ్ల ఛాసీలన్నీ మా బండిలాగే ఉప్పు తిని తుప్పు కక్కుతాయి. ఆ దేశాల మగవాళ్ళు ఆదివారం పూట ఇంటి దగ్గరే, పాట పెట్టుకుని, చేతికి తొడుగులు వేసుకుని తుప్పు వదిలిస్తుంటారు. భాష సగం అర్థమైంది, పని మొత్తం అర్థమైంది. ముందు కడగాలి, తర్వాత గీకాలి, తర్వాత తుప్పు ఆపే రంగు, దానిమీద నల్లరంగు, చివరికి బోలు దూలాల లోపలికి మైనం లాంటిది కొట్టాలి. వాళ్ళకు బండిని గాల్లోకి లేపే యంత్రాలున్నాయి. నాకు నాలుగు ఇటుకలు, ఒక జాకీ ఉన్నాయి.

నేను ఇటుకలు పేర్చడం నాయిన కిటికీలోంచి చూశాడు. అంతే, మంచం మీది నుంచి ఒక్క గెంతులో బయటికొచ్చాడు. "ఏయ్! బయటికి రా ముందు! జాకీని నమ్మి బండి కింద పండుకుంటరా ఎవరన్న? గనిలో గిట్ల చేసినోన్ని ఆ పూటే ఇంటికి పంపుతుంటిమి!" అని కేకలు. రెండు రోజుల మౌనం ఆ కేకల్లో కొట్టుకుపోయింది. పలుగు, పార తెచ్చి వాకిట్లో తానే తవ్వడం మొదలుపెట్టాడు. మనిషి కూర్చోవడానికీ వెల్లకిలా పడుకోవడానికీ సరిపోయేంత గొయ్యి తవ్వి, అంచులు కూలకుండా దుంగలు పెట్టి, దిగడానికి మెట్లు తీసి, బండిని దానిమీదికి జాగ్రత్తగా నడిపి, చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టాడు. తర్వాత తన గని హెల్మెట్టు తెచ్చి నా నెత్తిన పెట్టాడు. మా ఇంటి ముందు ఒక చిన్న ఓపెన్‌కాస్టు వెలిసింది. రోజూ పొద్దున ఆయన చక్రాల కింది రాళ్ళు తన్ని చూసి, చెయ్యెత్తి సరే అన్నాకే నేను గోతిలోకి దిగాలి. మధ్యలో హెల్మెట్టు తీశానా, పైనుంచి కేక.

కడగడంతోనే సగం సంగతులు బయటపడ్డాయి. బోలు దూలాలకు అక్కడక్కడా బెజ్జాలుంటాయి. పైన ఒక బెజ్జంలో పైపు పెట్టి నీళ్ళు వదిలితే కింది బెజ్జాల్లోంచి పోవాలి. పోలేదు. పుల్లతో కెలికితే ఒక్కసారిగా బురద, ఇసుక, గవ్వలు, ఎండిన చేప తలకాయ ఒకటి జారి నా ఒళ్ళో పడ్డాయి. పిల్లులు గోతి అంచున వరసగా నిలబడి ఆ దృశ్యాన్ని కన్నార్పకుండా చూశాయి. నీళ్ళు పోయే బెజ్జాలు మూసుకుపోయి ఆ ఉప్పు బురదంతా లోపలే నిలిచి ఇనుమును తింటోందన్నమాట. కారే నీళ్ళు తేటగా వచ్చేదాకా, నాలుక మీద వేసుకుంటే ఉప్పగా లేకుండా పోయేదాకా కడిగాను (అవును, నాలుక మీదే. మా అమ్మకు ఇప్పటికీ తెలియదు).

పక్కింటి బాబాయ్ రంగప్రవేశం ఇక్కడే. ఆయనకు నేను పెట్టుకున్న పేరు సలహాల బాబాయ్. ఊళ్ళో ఎక్కడ ఎవరు ఏ పని చేస్తున్నా ఆయన అక్కడ ఉండేవాడు. తెల్లటి పంచె, తెల్లటి మీసం, వెనక్కి కట్టుకున్న చేతులు. ఆ చేతులు ముందుకు రాగా నేను చూడలేదు. ఆ రోజు మాత్రం బెజ్జాలు పూడ్చే పుట్టీ ముద్దతో ముందుకొచ్చాయి. "అమ్మాయ్, నీళ్ళు ఈ బెజ్జాలకెళ్ళే గదా లోపలికి పోతున్నయి? ఇవన్నీ మూసెయ్. పీడ వదిలిపోద్ది" అన్నాడు. "బాబాయ్, నీళ్ళు ఎట్లయినా దూరుతయి. పోయే దారి ఉండాలె గదా. ముక్కు మూసుకుంటే జలుబు తగ్గుద్దా?" అన్నాను. ఆయన పుట్టీ ముద్దను అరచేతిలో అటూ ఇటూ దొర్లించి, "మా చిన్నప్పుడు అట్లనే చేసేటోళ్ళు" అన్నాడు. జలుబు సంగతో ఛాసీ సంగతో నేను అడగలేదు.

తర్వాత గీకుడు. వైర్ బ్రష్షుతో, ఆ పైన ఉప్పుకాగితంతో (ఉప్పు చేసిన పాడును ఉప్పుకాగితంతోనే వదిలించడంలో నాకు గొప్ప న్యాయం కనిపించింది). మా వైపు ఎండలు మీకు తెలిసినవే. పొద్దెక్కితే బండి ఇనుము పెనమైపోతుంది, అందుకని పొద్దున్నే దిగి, ఎండెక్కగానే బయటపడేదాన్ని. గోతిలోంచి లేచేసరికి దుమ్ము పడకుండా పెట్టుకున్న కళ్ళద్దాల కింద తప్ప ముఖమంతా ఎర్రటి పొడి. ఒకరోజు పాలు పోయడానికొచ్చిన ఆమె నన్ను చూసి, అమ్మవారు పూనిందనుకుని దండం పెట్టబోయింది. మూలల్లో, నట్ల సందుల్లో బ్రష్షు దూరదు. వీడియోల వాళ్ళు అక్కడ ఏవో సీసాల్లోంచి మందులు పోస్తున్నారు. మా ఊళ్ళో ఆ మందులు లేవు. అమ్మ వచ్చి వంగి చూసి, "గింతేనా? ఇత్తడి బిందె తోమినట్టు తోముతే పోదా?" అని కొత్త చింతపండు నానబెట్టి తెచ్చింది. ఆ గుజ్జు మూలలకు మెత్తి, గుడ్డ చుట్టి, మర్నాడు తీసి కడిగితే తుప్పు చాలావరకు వదిలింది! అమ్మ ముఖం చూడాలి అప్పుడు. "నీ ఫోన్లో ఉన్నోళ్ళకు చెప్పు, చింతపండని ఒకటుంటదని" అన్నది. ఆ గెలుపు మత్తులో ఏడాదికి సరిపడా చింతపండంతా ఛాసీకే పెట్టింది. ఆ వానాకాలమంతా మా ఇంట్లో పప్పుచారు పేరుకే చారు.

జల్లెడైపోయిన పట్టీని కోసి కొత్తది అతకడం నా వల్ల కాదు. వెల్డింగ్ అన్నను ఇంటికే పిలిచాం. ఆయన గోతిలోకి దిగి, దూలాల మీద చేత్తో నిమిరి, పని చేసుకున్నాడు. వెళ్ళేటప్పుడు, "చెల్లె, రంగు జల్దీ వెయ్. గీకిన ఇనుము ఊరికే పెడితే మళ్ళ తుప్పు పట్టుద్ది" అని చెప్పి పోయాడు. అప్పడం మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ సాయంత్రమే తుప్పు ఆపే ఎర్రటి రెడాక్సైడ్ పూశాను, అది ఆరాక నల్లరంగు. నాయిన గోతి అంచున కూర్చుని, "ఆ పైన వదిలినవ్. కాదు కాదు, ఇంకొంచెం లోపలికి" అంటూ డంపర్‌కు సైడు చెప్పినట్టు చెప్పేవాడు. ఆయన మంచం ఎప్పుడు గోడ వైపు నుంచి వాకిలి వైపుకు తిరిగిందో నేను గమనించలేదు.

ఇక మిగిలింది బోలు దూలాల లోపలి భాగం. అక్కడికి బ్రష్షు పోదు, చెయ్యి అసలే పోదు. దానికి మందు తెచ్చింది మా మేనత్త. ఆమెది భద్రాచలం అడవి అంచున ఊరు. వేసవికి మా ఇంటికొచ్చి, నా హెల్మెట్టు చూసి నవ్వీ నవ్వీ, సంగతి విన్నాక సంచిలోంచి పసుపుపచ్చటి మైనం ముద్ద తీసింది. ఈతచాపలు కుట్టే దారానికి రాయడానికి తెచ్చుకున్న తేనె మైనం. "కోడలా, మా దిక్కు కత్తులకు, గొడ్డండ్లకు గిదే పూస్తం. వానలో తిరిగినా ఏం గాదు" అన్నది. తర్వాత కబురు పెట్టి ఇంకో పెద్ద ముద్ద తెప్పించింది. వేడినీళ్ళ గిన్నెలో గిన్నె పెట్టి మైనం కరిగించి, పాత ఇంజిన్ ఆయిల్ కలిపాను. ఆ మైనం సరిగా వడకట్టింది కాదు. తేనె ఇంకా దాన్ని పట్టుకునే ఉంది. వాకిలంతా ఒక వింత వాసన, సగం గ్యారేజీ, సగం మిఠాయి దుకాణం.

దాన్ని పొలంలో మందు కొట్టే పంపులో పోసి, పొడుగు పైపు ఒక బెజ్జంలో దూర్చి కొట్టడం మొదలుపెట్టాను. లోపల పాకిందో లేదో తెలియాలి కదా. "నేను చూస్తా ఉండు" అన్నాడు సలహాల బాబాయ్. చేతులు వెనక్కి కట్టుకునే వంగి, అవతలి చివర బెజ్జానికి ముఖం ఆనించాడు. "ఏం వస్తలేదమ్మాయ్" అన్నాడు. ఇంకాస్త కొట్టాను. "ఇంకా రాలే. నీ పంపు..." అనేంతలో వచ్చింది. పంపు సంగతేమో గానీ మాట మాత్రం అక్కడే ఆగిపోయింది. లేచి నిలబడ్డ బాబాయ్‌కి నుదురు నుంచి గడ్డం దాకా నల్లగా మెరిసిపోతూ పూత. అప్పటికే కాస్త చల్లారింది కాబట్టి కాలలేదు, సరిగ్గా గడ్డ కట్టేంత వేడి మాత్రం ఉంది. బాబాయ్ ఇంట్లోంచి పిన్ని వచ్చి కిరోసిన్ గుడ్డతో ముఖం తుడిచింది. మీసం మాత్రం నల్లగానే ఉండిపోయింది, పైగా మైనం పట్టి కొసలు పైకి తిరిగి నిలబడ్డాయి. పిన్ని ఆయన్ను అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఉండనియ్ లే" అన్నది. బాబాయ్ ఆ వారమంతా బజారులో తిరిగిన తిరుగుడు ఇంతా అంతా కాదు.

అలా ఫిట్‌నెస్ రోజు వచ్చింది. నాయిన, నేను, మేనత్త ముగ్గురం బయల్దేరాం (అయిపోగానే బండిలో ఊరికి దింపాలని అత్త షరతు). ఊరి బయట మైదానంలో బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. మా వంతు వచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఇంజిను వేడి, ఎండ వేడి కలిసి లోపలి మైనం మెత్తబడి, ఆ తేనె వాసన మైదానమంతా కమ్ముకుంది. ముందు ఒక తేనెటీగ వచ్చింది. అది వెళ్ళి కబురు చెప్పినట్టుంది, కాసేపటికి చుట్టుపక్కల మామిడితోటల్లోని ఈగలన్నీ వచ్చాయి. బండి చుట్టూ ఒక మబ్బు. వరసలో ఉన్న డ్రైవర్లు తువ్వాళ్ళు కప్పుకుని పరుగో పరుగు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు జీపులోకి దూరి అద్దం ఎత్తేసుకుని, సందులోంచి అరిచాడు. "ఏందమ్మా ఇది? బండా, తేనెపట్టా? లైట్లు చూసిన, బ్రేకులు చూసిన, అన్నీ మంచిగున్నయి. పాసు చేస్తున్నా, ముందు బండి తీసెయ్ ఇక్కడి నుంచి!"

నాయిన ముఖం వెలిగిపోయింది. "పద బిడ్డా, పద పద" అని నా భుజం తట్టాడు. నేను ఇంజిను ఆపేశాను. ఎందుకాపానని ఇప్పటికీ అడుగుతారు. వేసవంతా ఆ గోతిలో వెల్లకిలా పడుకుని నేను గీకిన ఇనుమును చూడకుండా పాసు చేస్తే నాకేం మిగిలింది? దిగి, చీమ నడకతో ఈగల మధ్య నుంచి జీపు దగ్గరికి పోయాను. "సార్, మీరు ఛాసీ చూడలేదు."

"అక్కర్లేదమ్మా, పాసే."

"కాదు సార్. సుత్తెతో కొట్టి చూడాలె. మీరు చూసేదాకా బండి తియ్యను."

చెట్ల కిందికి పోయిన డ్రైవర్లలో ఒకాయన, "అందరం చూడొద్దని మొక్కుతుంటే ఈమేంది, చూడమని కొట్లాడుతది!" అన్నాడు. నాయిన నెత్తి పట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు జీపు అద్దం ఇంకాస్త దించాడు. కోప్పడతాడనుకున్నాను. ఆయన నవ్వాడు. "సరే, ఈ ఈగల సంగతి చూడు మరి" అన్నాడు. ఈగల సంగతి మేనత్త చూసింది. "అవి కుట్టనీకి రాలే సారూ, తిననీకి వచ్చినయి" అంటూ వేపమండలు విరిచి, ఎండుటాకులు కలిపి పక్కన పొగ పెట్టింది. ఈగలు అయిష్టంగా పైకి లేచి, కాస్త దూరంలో ఆగి తిట్టుకుంటూ తిరిగాయి.

ఇన్‌స్పెక్టరు తలకు తువ్వాలు చుట్టుకుని, చిన్న సుత్తె పట్టుకుని కిందికి దూరాడు. నేనూ మోకాళ్ళ మీద వంగాను. మొదటి దెబ్బ. ఖంగుమన్నది. గుడిగంట నాకెప్పుడూ అంత తియ్యగా వినబడలేదు. ఇంకోటి, ఖంగు. అడ్డపట్టీ, ఖంగు. వెనక్కి పాకుతూ పాకుతూ స్టెప్నీ చక్రం వేలాడేచోట ఆగాడు. "ఇక్కడ మర్చిపోయినవ్" అన్నాడు. నేనూ అటు పాకాను. చక్రం వెనక అరచేతంత మేర ఎర్రగా తుప్పు, ఆ చక్రాన్ని విప్పి చూడాలన్న ఆలోచన నాకూ, అంచున కూర్చుని సైడు చెప్పిన నాయినకూ రాలేదు. ఆయన అక్కడ కూడా కొట్టాడు. కొంచెం బొంగురుగానే అయినా, ఖంగుమన్నది. "లోపల గట్టిగనే ఉన్నది. ఇంటికి పోయి విప్పి, గీకి, రంగు వెయ్" అని బయటికొచ్చి మోకాళ్ళు దులుపుకున్నాడు. "ఏ షెడ్డులో చేయించిన్రు? పని మంచిగున్నది" అని నాయిన్ని అడిగాడు.

డంపర్ చప్పుడు మీద మాట్లాడి మాట్లాడి మా నాయినకు గట్టి గొంతు అలవాటు. ఆ మాటకు మాత్రం ఆయన పక్కకు వచ్చి నిలబడి, రహస్యం చెబుతున్నట్టు, "షెడ్డేం లేదు సార్. మా బిడ్డ చేసింది. ఇంటి ముందర, గోతిలో" అన్నాడు. ఇన్‌స్పెక్టరు నా వైపు తిరిగి, నా చేతుల వైపు చూసి (గోళ్ళ సందుల్లో రెడాక్సైడు ఇంకా పోలేదు), వంగి, అవసరం లేకపోయినా ఇంకో దెబ్బ కొట్టాడు. ఆ చప్పుడు వినడానికే కొట్టాడని నా నమ్మకం. పొగలోంచి అత్త, "ఇగ పోదమా? నాకు పొద్దుపోతది" అన్నది. జూలూరుపాడు దాటి అడవి దారి పట్టాం. ఉన్నట్టుండి నాయిన, "డంపర్ ఎవడైన నడుపుతడు" అని, కిటికీ వైపు తిరిగిపోయాడు. నేను గేరు మార్చబోయి, కళ్ళు మసకబారి, తప్పు గేరు వేశాను. బండి ఒక్క కుదుపు కుదిపింది. వెనక తొట్టిలో నుంచి అత్త తిట్లు అడవంతా వినిపించాయి.

ఆ బండి తర్వాత చాలా ఏళ్ళు మా ఇంటికి అన్నం పెట్టింది. గెలలు మోసింది, సంతలు తిరిగింది, పొంగే వాగుల్లో బురద తిని ఇంటికొచ్చింది. ఇప్పుడు దాని పక్కన ఇంకో కొత్తది కూడా ఉంది, దాన్ని మా ఆయన నడుపుతాడు. అయినా ఏటా వానలకు ముందు పాత బండి ఛాసీ నేనే చూస్తాను, ఇంకొకరిని ముట్టనివ్వను. మొన్న వేసవిలో కూడా వైర్ బ్రష్షు పట్టుకుని దర్జాగా గోతిలోకి దిగాను. పైన ఎండ మండిపోతోంది, కింద మట్టి చల్లగా ఉంది. స్టెప్నీ దగ్గర చూశాను, శుభ్రంగా ఉంది. అడ్డపట్టీలు చూశాను, శుభ్రంగా ఉన్నాయి. ఇక చూడటానికేం లేదని ఒక్క నిమిషం నడుం వాల్చాను.

మా ఆయన, మా అమ్మాయి నాకోసం ఇల్లంతా వెతికి, పొలం వైపు మనిషిని పంపి, చివరికి ఫోన్ చేస్తే బండి కింద మోగిందట. అమ్మాయి గోతి అంచున గొంతుక్కూర్చుని, "ఏం చేస్తున్నవమ్మా?" అన్నది. "తుప్పెక్కడుందో చూస్తున్న" అన్నాను. "కండ్లు మూసుకునా?" అన్నది. ఈ కాలం పిల్లలకు పెద్దల పని పట్ల గౌరవం లేదు. చెప్పొచ్చేదేమంటే ఛాసీలో ఎక్కడా రవ్వంత తుప్పు లేదు. నన్ను ఆ గోతిలోంచి పైకి లాగడానికి మాత్రం ఇద్దరూ పట్టాల్సి వచ్చింది.